చిమ్మనగ్రోవి నుండి నాజిలు వరకు: యానాము సీమలో పిచికారి కథ

1. ప్రవేశము

తెలుగు ప్రబంధములలో వసంతోత్సవమును, జలక్రీడను వర్ణించు తావులందు చిమ్మనగ్రోవి యను పనిముట్టు తరచుగా కనబడును. అది వెదురుతోగాని లోహముతోగాని చేసిన గొట్టము. దాని యొక కొనయందు సన్నని రంధ్రము, లోపల ముందు వెనుకలకు కదలు కాడ యుండును. కాడను వెనుకకు లాగిన రంగునీరు లోనికి వచ్చును. ముందునకు త్రోసిన రంధ్రము గుండ చిమ్మును. నేడు రైతు వీపున మోయు యంత్రమునకు పిచికారి యను పేరు ఉత్తరదేశపు భాషలనుండి వచ్చినను, పని మాత్రము చిమ్మనగ్రోవిదే.

ఈ రెండింటికిని భేద మొక్కటి కలదు. చిమ్మనగ్రోవి నీటిని ధారగా విడుచును. పిచికారి ఆ ధారను విరిచి, ఆకుమీద నిలువదగిన బిందువులుగా చేయును. ఈ విరుపు జరుగు చోటు యంత్రపు కొననున్న బొటనవ్రేలంత తునక. దానిని పొలములలో నాజిలు అందురు. మందుల పేర్లు, వాని వెలలు రైతుల నోట నానుచుండును. తన పంపునకున్న నాజిలు ఏ రకమో, నిమిషమునకెంత నీరు విడుచునో చెప్పగలవారు అరుదు. అయినను కొన్న మందు తెగులును చేరునో, మురుగుకాలువను చేరునో నిర్ణయించునది ఆ తునకయే. దీని చరిత్రను గౌతమీ తీరమందలి యానామునుండి చూచుటకు రెండు కారణములు గలవు. పిచికారి యంత్రమును నేటి రూపమునకు తెచ్చిన దేశమే యానామును రెండు శతాబ్దములకు పైగా ఏలినది. పైపొలములలో చిమ్మిన మందులో వృథాయైన పాలు నదివెంట దిగివచ్చు చోటును ఈ యానాము ప్రాంతమే.

2. యానాము ఉనికి

గౌతమీ గోదావరినుండి కోరంగి పాయ చీలు చోట యానాము వెలసినది. ఫ్రెంచివారు 1723లో ఇచ్చట అడుగిడి, 1727లో విడిచిపోయి, 1731లో మరల వచ్చి స్థిరపడిరి. ఆంగ్లేయులతోడి యుద్ధములలో ఈ స్థావరము పలుమార్లు చేతులు మారినను, చివరకు ఫ్రెంచివారికే దక్కెను. 1954 నవంబరు 1వ తేదీన పరిపాలన భారతదేశమునకు సంక్రమించెను. 1962 ఆగస్టు 16వ తేదీన చట్టరీత్యా విలీనము పూర్తియయ్యెను. నేడిది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములో నొక భాగము. వైశాల్యము సుమారు 30 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల ప్రకారము జనసంఖ్య 55,626.

జెండా వేరైనను నేల వేరు కాదు. మెట్టకూరు, కనకాలపేట, అడవిపొలము మొదలగు ఊళ్ల చుట్టును కనబడు వరిమడులు, కొబ్బరితోటలు, గట్లవెంట తాళ్లు పొరుగునున్న గోదావరి మండలపు పొలములవంటివే. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప డెల్టా అంతయు కాలువల సేద్యముగా మారెను. నీటివసతితో పంట పెరిగెను. తడి యెక్కువైన చోట తెగుళ్లును పెరిగెను. ఎగువ పొలములు త్రాగి విడిచిన నీరు మురుగుకాలువల గుండ గౌతమికిని, కోరంగి పాయకును, వానినుండి మడ అడవులకును చేరును. ఆ మడ అడవులు 1978లో కోరంగి అభయారణ్యముగా ప్రకటింపబడినవి. రొయ్యపిల్లలకును, చేపపిల్లలకును అవి ఉయ్యెల వంటివి. ఈ భూగోళమును మనసున నుంచుకొనిన, ఒక చిన్న రంధ్రపు మంచిచెడ్డలు ఒక్క రైతు లెక్కకు మాత్రమే సంబంధించినవి కావని బోధపడును.

3. ద్రాక్షతోటలలో పుట్టిన యంత్రము

1878లో ఫ్రాన్సు దేశపు ద్రాక్షతోటలందు బూజుతెగులు కనబడెను. అది అమెరికానుండి వచ్చినది. ఆకులు ముందుగా ఎండి రాలుటచే కాయలు పండక చెడిపోవుచుండెను. 1882లో బోర్డో విశ్వవిద్యాలయపు ఆచార్యుడగు మిలార్డె మెడాక్ ప్రాంతమున తిరుగుచు ఒక వింత గమనించెను. బాటప్రక్క నున్న తీగెలు మాత్రము ఆకులతో నిలిచియుండెను; లోపలి తీగెలు మోడులై యుండెను. బాటసారులు పండ్లు దొంగిలింపకుండుటకై తోటవారు అంచున నున్న తీగెలపై మైలుతుత్తమును సున్నమును కలిపిన నీలిద్రవమును చల్లుచుండిరట. దొంగలను బెదరించుటకు చల్లినది తెగులును తరిమినది. మిలార్డె, రసాయనాచార్యుడగు గాయోనును తోడుచేసికొని పరీక్షలు జరిపి 1885లో ఫలితములను ప్రకటించెను. బోర్డో మిశ్రమ మని లోకమంతట ప్రసిద్ధమైనది ఇదియే.

మందు దొరికినది గాని, దానిని చల్లు సాధనము లేకుండెను. మిలార్డె మొదట చెప్పిన పాకమునందు నూరు లీటర్ల నీటికి ఎనిమిది కిలోల మైలుతుత్తము, ముప్పది లీటర్ల నీటికి పదునైదు కిలోల సున్నము ఉండెను. అది పలుచని ద్రవము కాదు, చిక్కని గంజి. కూలీలు చీపురుకట్టలను బాల్చీలో ముంచి ఆకులపై విదిలించుచుండిరి. ఒక ఆకుమీద ముద్దపడును, ప్రక్క ఆకుమీద చుక్కయైనను పడదు. మందు మంచిదైనను, పంచుట సరిగా లేనిచో ఫలము సగమే యని ఆ చీపురుకట్టలే మొదట నేర్పినవి.

ఈ చిక్కునకు విడుపు అట్లాంటికు సముద్రమునకు ఆవలినుండి వచ్చెను. అమెరికాలో పత్తి ఆకులను తినివేయు గొంగళిపురుగును గూర్చి పరిశోధించుచుండిన కీటకశాస్త్రజ్ఞుడు రైలీ, అతని సహచరుడు బార్నార్డు కలిసి 1880 ప్రాంతమున ఒక క్రొత్త నాజిలును రూపొందించిరి. అందు ద్రవము చిన్న గుండ్రని గదిలోనికి ప్రక్కనుండి ప్రవేశించి, గిరగిర సుడితిరిగి, నడుమనున్న రంధ్రము గుండ బోలు శంకువు ఆకారమున వెలువడును. నోటితో ఊదినట్లు సన్నని తుంపర వచ్చును. నాజిలును క్రిందినుండి పైకి త్రిప్పి పట్టిన, పురుగులు దాగు ఆకు అడుగుభాగమును తడుపవచ్చును. రైలీ 1884లో ఫ్రాన్సు దేశమందలి మాంపెల్లియే నగరమునకు వచ్చి దీనిని అచటివారికి ఎరుకపరచెను.

విల్‌ఫ్రాంష్ పట్టణమునందు యంత్రశాల గల వెర్మొరెల్ అను నతడు ఆ నాజిలును గైకొని ఒక మార్పు చేసెను. సున్నపు నలుసులు చిన్న రంధ్రమును మాటిమాటికి పూడ్చుచుండెను. నాజిలు లోపల ఒక సూదినమర్చి, వెనుకనుండి నొక్కిన అది రంధ్రమును పొడిచి శుభ్రపరచునట్లు అతడు ఏర్పరచెను. మైలుతుత్తము ఇనుమును తినివేయును గనుక తొట్టెను రాగితో చేయించెను. మనిషి వీపున మోయుచు, ఒకచేత మీటను ఆడించుచు, రెండవచేత కాడను పట్టుకొని నడచుటకు తగిన ఈ యంత్రమునకు మెరుపు అను అర్థము వచ్చు పేరు పెట్టబడెను. నేడు గోదావరి గట్లపై కనబడు చేతిపంపునకు ఇదియే మూలపురుషుడు. తొట్టె రాగినుండి ప్లాస్టిక్కునకు మారినది. మీట, గొట్టము, సుడిగది మాత్రము నాటివే.

4. గోదావరి తాటివనములు

ఫ్రెంచి ద్రాక్షతోటల విద్య గోదావరి డెల్టాకు ఫ్రెంచివారి వెంట గాక, ఆంగ్లప్రభుత్వపు శాస్త్రజ్ఞుల వెంట వచ్చుట చరిత్రలోని చమత్కారము. ఇరువదవ శతాబ్ది తొలియేండ్లలో డెల్టాలోని తాళ్లకు మొవ్వుకుళ్లు తెగులు సోకెను. నడిమొవ్వు కుళ్లి, లేతాకు లాగినంతనే ఊడివచ్చి, చెట్టు తల వాల్చి చచ్చుచుండెను. తాటిచెట్టు నాటి గ్రామజీవనమునకు కల్లు, ముంజెలు, తేగలు, ఇంటికి దూలము, కప్పుటకు ఆకు ఇచ్చు కల్పవృక్షము. గీతకార్మికుని కుటుంబమునకు అది పొలముతో సమానము. చెట్లు వరుసగా చచ్చిన ఊరి జీవనమే తలక్రిందులగును.

పూసా పరిశోధనాలయమున ఇంపీరియల్ శిలీంధ్రశాస్త్రజ్ఞుడుగా నుండిన ఎడ్విన్ జాన్ బట్లరు ఈ తెగులును పరిశీలించి, దానికి కారణమగు శిలీంధ్రమును 1907లో వర్ణించి నామకరణము చేసెను. 1910లో భారతదేశపు తాళజాతి చెట్ల మొవ్వుకుళ్లును గూర్చి విపులమైన గ్రంథమును ప్రకటించెను. 1919లో అతడే దానిని వేరొక ప్రజాతికి మార్చెను. ఫైటోఫ్తోరా పామివోరా యని నేడు లోకమంతట పిలువబడు ఈ శిలీంధ్రము కొబ్బరి, కోకో మొదలగు పంటలకు శత్రువు. దాని శాస్త్రచరిత్రలోని తొలి పుటలు గోదావరి తాటిచెట్టుతో మొదలగుట తెలుగువారు గుర్తుంచుకొనదగిన విషయము.

తెగులు సోకిన చెట్ల తలలు నరికించి కాల్చుటయే ఆనాటి ముఖ్యోపాయ మయ్యెను. బోర్డో మిశ్రమము తెలిసియుండియు గొడ్డలి నెత్తవలసి వచ్చుటకు కారణము ఊహింపవచ్చును. అరువది అడుగుల యెత్తున నున్న మొవ్వునకు వీపుపంపు తుంపర చేరదు. సన్నని బిందువు గాలిలో నాలుగడుగులు పోకముందే వేగము కోల్పోవును. దాదాపు అదే కాలమున మైసూరు సంస్థానమున కోల్మన్ అను శాస్త్రజ్ఞుడు పోకతోటల కొళెరోగమునకు బోర్డో మిశ్రమమును వాడుకలోనికి తెచ్చెను. అచ్చట చెట్లెక్కుటలో నేర్పరులు పైకెక్కి గెలలపైననే మందు చిమ్ముదురు. యంత్రము చేరలేని చోటికి మనుష్యుడే నాజిలును మోసికొనిపోయినాడు. మందు, యంత్రము, చేరవలసిన చోటు అను మూడింటికి పొందిక కుదిరినగాని పని జరుగదని ఈ రెండు సీమల అనుభవమును కలిపి చూచిన తేలును.

5. గోడమీద నేర్చిన కొలత

డెల్టా ప్రజలు పిచికారిని విరివిగా చూచినది పొలమున గాక ఇంటిగోడమీద. 1939లో ముల్లరు డి.డి.టి. కీటకములను చంపునని కనుగొనెను. 1948లో అతనికి నోబెలు బహుమానము లభించెను. 1953లో భారతదేశమున జాతీయ మలేరియా నియంత్రణ పథకము, 1958లో నిర్మూలన పథకము మొదలయ్యెను. మందు చల్లువారు ఊరూర తిరిగి, గోడలపై తెల్లని పూత పూసి, తలుపుప్రక్క తేది వ్రాసిపోవుట ఆనాటి పెద్దలకు పరిచితమైన దృశ్యము.

ఆ పనిలో నాజిలునకు కొలత యేర్పడెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్దేశించిన విసనకఱ్ఱ నాజిలు నిర్ణీత పీడనమున నిమిషమునకు సుమారు 757 మిల్లీలీటర్లు విడుచును. గోడకు 45 సెంటీమీటర్ల దూరమున పట్టిన 75 సెంటీమీటర్ల వెడల్పు పట్టెను తడుపును. నిమిషమునకు 19 చదరపు మీటర్లు పూర్తిచేయు నడకతో సాగిన, ప్రతి చదరపు మీటరునకు 40 మిల్లీలీటర్లు చేరును. అంతకు మించిన గోడమీద కారిపోవును; తగ్గిన దోమ చావదు. రంధ్రము, దూరము, వేగము అను మూడింటిని ముడివేసి నేర్పిన ఈ క్రమశిక్షణ వ్యవసాయమునకు పూర్తిగా సంక్రమించకపోవుట విచారకరము. గోడకు కొలత యున్నది. చేనికి మాత్రము చేతివాటమే మిగిలినది.

6. క్రొత్త వంగడములు, క్రొత్త మందులు

1960–61లో పశ్చిమగోదావరి మండలము సాంద్రవ్యవసాయ పథకమునకు ఎంపికయైన తొలి మండలములలో నొకటి. 1966లో ఐ.ఆర్.8 వంగడము వెలువడెను. ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు దానిని పండించి ప్రసిద్ధి గాంచెను. పొట్టి వంగడములు, దట్టమైన నాట్లు, మిక్కుటమైన నత్రజని కలిసి దిగుబడిని పెంచినవి. సుడిదోమ వంటి పురుగులకును అనుకూలమైనవి. పిచికారి యంత్రములు వ్యాపించి రైతుకు నిత్యావసరమయ్యెను.

మందులతోపాటు ప్రమాదములును వచ్చెను. 1958లో కేరళమున విషము కలిసిన ఆహారము తిని నూరుమందికి పైగా మరణించిరి. ఆ విషాదము పిదప జరిగిన విచారణ 1968 నాటి క్రిమిసంహారకముల చట్టమునకు దారి తీసెను. 2017లో మహారాష్ట్రలోని యవత్‌మాల్ మండలమున పత్తిచేలలో మందు చిమ్ముచు ఇరువదిమందికి పైగా మృతిచెందిరి. పంట ఎదిగి మనిషి తలదన్నినపుడు, పైకెత్తి పట్టిన కాడనుండి వచ్చు సన్నని తుంపర మొదట తడుపునది చిమ్మువాని ముఖమునే. బిందువు పరిమాణము ప్రాణమునకు సంబంధించిన విషయ మగుట ఇట్లు.

7. నాజిళ్ల భేదములు

వాడుకలో నున్న నాజిళ్లు ముఖ్యముగా మూడు రకములు.

మొదటిది బోలు శంకువు నాజిలు. రైలీ సుడిగదికి ఇది సంతానము. తుంపర గుండ్రని వలయముగా పడును, బిందువులు సన్ననివి, ఆకుల నడుమ దూరి అడుగుభాగమును తడుపగలవు. పురుగుమందులకును తెగుళ్ల మందులకును ఇది తగినది.

రెండవది విసనకఱ్ఱ నాజిలు. తుంపర పలుచని రేకువలె పరచుకొనును. నడుమ ఎక్కువగాను అంచుల తక్కువగాను పడును. కనుక ప్రక్కప్రక్క పట్టెల అంచులు ఒకదానిపై నొకటి పడునట్లు నడువవలెను. చదునైన తావులకు, కలుపుమందులకు ఇది ప్రశస్తము. గౌతమీ తీరపు ఉద్యానములలోని పచ్చికబయళ్లకును ఇదియే తగినది. పచ్చికకు మందు చిమ్మువారు సామాన్యముగా వేరులను చేరవలసిన మందునకు ముతక బిందువులను, ఆకుమీద నిలువవలసిన తెగులుమందునకు మధ్యరకపు బిందువులను ఎన్నుకొందురు. పిల్లలు కూర్చుండి ఆడుకొను చోటు గనుక, గాలిలో తేలు సన్నని తుంపర అచట ఎన్నడును తగదు. మందు ఆరువరకు ఎవరిని రానీయకుండుటయు పనిలో భాగమే.

మూడవది వరద నాజిలు. ద్రవము ఒక పలకకు తాకి వెడల్పుగా విరియును. బిందువులు పెద్దవి; తక్కువ పీడనమున పనిచేయును; ఎగిరిపోవు భాగము తక్కువ. ప్రక్కచేనికి సోకిన నష్టము చేయు కలుపుమందులకు ఇది మేలు.

బిందువు గణితము ఒకటి తెలిసికొనదగును. వ్యాసము సగమైన ఘనపరిమాణము ఎనిమిదవ వంతగును. అనగా నాలుగువందల మైక్రాన్ల బిందువునందలి ద్రవముతో రెండువందల మైక్రాన్ల బిందువులు ఎనిమిది చేయవచ్చును. సన్నబిందువులు ఎక్కువ తావును కప్పును. కాని గాలికి ఎగిరిపోవును. ముతకబిందువులు చెప్పినచోట పడును. కాని ఆకునుండి జారిపోవును. నాజిలు ఎంపిక యనగా ఈ రెండు నష్టముల నడుమ తూకము. సముద్రము చేరువనున్న యానాములో పగటివేళ కడలిగాలి లేచును. ఉదయపు నిమ్మళమున చెల్లిన నాజిలు మధ్యాహ్నమునకు చెల్లకపోవచ్చును.

పీడనము పెంచిన పని త్వరగా జరుగునను నమ్మకము పలువురికి కలదు. రంధ్రము మారనిచో ప్రవాహము రెట్టింపగుటకు పీడనము నాలుగురెట్లు కావలెను. ఆ పెరిగిన పీడనము బిందువులను సన్నపరచి గాలిపాలు చేయును. కావలసిన నీరు పెంచుటకు మార్గము పెద్ద నాజిలు తగిలించుటయే గాని, మీటను గట్టిగా ఆడించుట కాదు. ఇందుకొరకే అంతర్జాతీయ ప్రమాణమున నాజిళ్లకు రంగులు నిర్ణయింపబడినవి. మూడు బారుల పీడనమున నిమిషమునకు 0.4 లీటరు విడుచునది నారింజ, 0.8 లీటరు విడుచునది పసుపు, 1.2 లీటర్లు విడుచునది నీలము. రంగు చూచి రంధ్రము నెరుగవచ్చును.

8. సెంటు లెక్క

తన పంపు ఎకరమునకెంత ద్రవము విడుచుచున్నదో తెలిసికొనుటకు యంత్రములు అక్కరలేదు. తెలుగునాట ఎకరమునకు నూరు సెంట్లు. పొలములో ఒక సెంటు కొలిచి, తొట్టెలో మంచినీరు పోసి, నిత్యము నడచు నడకతో ఆ సెంటునంతయు తడుపవలెను. ఖర్చయిన నీటిని నూరుచే హెచ్చించిన ఎకరపు లెక్క వచ్చును.

సెంటునకు 1.6 లీటర్లు పట్టిన ఎకరమునకు 160 లీటర్లు, అనగా 16 లీటర్ల తొట్టెలు పది. ఎకరమునకు నిర్ణయించిన మందును పదిభాగములు చేసి తొట్టెకొక భాగము కలుపవలెను. కొంతకాలమునకు రంధ్రము అరిగి ప్రవాహము ఐదవవంతు పెరిగిన దనుకొందము. అప్పుడు అదే నడకకు 192 లీటర్లు, తొట్టెలు పండ్రెండు. రైతు అలవాటు చొప్పున తొట్టెకొక భాగమే కలుపుచుండిన, ఎకరమునకు పది భాగములకు బదులు పండ్రెండు భాగముల మందు పడును. ఐదెకరములలో ఒక యెకరమునకు సరిపడు మందు ఊరక పోయినట్లే. పురుగు అదనముగా చావదు. అప్పు మాత్రము అదనముగా పెరుగును.

క్రొత్త నాజిలుకంటె పదిశాతము ఎక్కువ విడుచు నాజిలును పారవేయవలెనని నియమము. దానిని కనుగొనుటకు కొలతపాత్రయు గడియారమును చాలును. ఇత్తడి త్వరగా అరుగును. ఉక్కు అంతకంటె నిలుచును. పింగాణి మిగుల మన్నును. నీటిలో కరగక తేలియాడు పొడిమందులు ఆకురాయివలె రంధ్రమును ఒరయును.

పూడిన నాజిలును పినుసుతోగాని తీగతోగాని పొడుచుట, నోట పెట్టి ఊదుట ఊళ్లలో కనబడు అలవాట్లు. వెర్మొరెల్ సూది అతని నాజిలుకొరకు కొలిచి చేసినది. దొరికిన తీగ నేటి నాజిలునకు గాయము చేయును, అంచు చెడి తుంపర ఒకప్రక్కకు ఒరుగును. నోట ఊదుట విషము మింగుటయే. మెత్తని కుంచెతోను నీటితోను కడిగి, తొట్టెమూతి దగ్గరి జల్లెడను శుభ్రముగా నుంచిన పూడుటయే అరుదగును.

9. కూలివాడు, కొబ్బరి, నది

పలుచోట్ల పిచికారి కూలి తొట్టెల లెక్కన ఇచ్చు వాడుక కలదు. ఈ పద్ధతిలో తొట్టె ఎంత త్వరగా ఖాళీయైన కూలి అంత త్వరగా చేతికందును. పెద్దదైన రంధ్రము, అరిగిన నాజిలు, గుల్లచేసిన కొన కూలివానికి లాభించునట్లు లెక్కయే ఏర్పడియున్నది. ఇందు అతని తప్పేమియు లేదు. వీపున పదునారు కిలోల బరువుతో బురదలో నడచువానికి కొలతపాత్ర ఇచ్చినవారు లేరు, చేతితొడుగులు ఇచ్చినవారును అరుదు. ఎకరపు లెక్కన కూలి నిర్ణయించి, నాజిలును యజమాని కొని యిచ్చిన నాడు ఇరువురి లాభమును ఒకే దారిని నడచును. నాజిలు వెల ఒక్క తొట్టె మందు వెలకంటె సామాన్యముగా తక్కువ.

సుడిదోమ విషయమున చోటు మరియు ముఖ్యము. అది దుబ్బు మొదట నీటిమట్టమునకు పైన గుమిగూడును. పైనుండి ఆకులను తడిపిన మందు దానిని చేరదు. నాట్లలోనే రెండు మీటర్లకొక బాట విడిచి, ఆ బాటవెంట నడచుచు నాజిలును మొదళ్లకు త్రిప్పి చిమ్మవలెనని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. బాటకు పోయిన నేల స్వల్పము. మిగిలిన పంట అధికము.

2016లో భారతదేశమున కనబడిన సర్పిలాకార తెల్లదోమ గోదావరి కొబ్బరితోటలను బాధించినది. ఆకుల అడుగున తెల్లని చుట్టలు, పైన నల్లని మసి కనబడును. దానిని అదుపుచేయు ఎన్కార్సియా యను చిన్న పరాన్నజీవి తోటలలోనే యున్నది. ఘాటైన విషములు చిమ్మిన ఆ మిత్రుడే ముందు చచ్చును. అందుచే విషము మాని, ఆకు అడుగుభాగమునకు తగులునట్లు వడిగా నీటిని చిమ్ముట మేలని చెప్పబడుచున్నది. నూరేండ్ల క్రిందట తాటి మొవ్వును అందుకొనలేని పంపు, నేడు వడిగల ధారతో కొబ్బరిమట్టను అందుకొనుచున్నది. తొట్టెలో నున్నది వట్టి నీరు. పని అంతయు నాజిలుదే.

ఇటీవల తైవాను పంపులు, బ్యాటరీ పంపులు చేతిమీటను తొలగించినవి. 2023లో ప్రకటింపబడిన నమో డ్రోన్ దీదీ పథకము మహిళాసంఘములకు డ్రోన్లను అందించుచున్నది. డ్రోను ఎకరమునకు సుమారు పదిలీటర్ల ద్రవముతో పని ముగించును. నీరు తగ్గినకొలది మందు చిక్కదనము పెరుగును, బిందువు సన్నబడును, గాలి ప్రభావము హెచ్చును. చిమ్మువాడు విషమునకు దూరమగుట గొప్ప మేలు. ప్రక్కచేను, చెరువు, ఇల్లు దగ్గరయగుట క్రొత్త చిక్కు. యంత్రము ఎంత మారినను ప్రశ్న మారలేదు.

10. ముగింపు

చిమ్మనగ్రోవి వేడుకకు పుట్టినది. పిచికారి కష్టమునుండి పుట్టినది. ఫ్రెంచి ద్రాక్షతోటవాని చీపురుకట్ట, అమెరికా కీటకశాస్త్రజ్ఞుని సుడిగది, వెర్మొరెల్ సూది, మలేరియా పనివాని కొలతనడక కలిసి నేటి రైతు చేతికి వచ్చినవి. ఈ పరంపరయందు ప్రతి మెట్టునను నేర్చిన పాఠ మొక్కటే: మందు కనుగొనుట సగము పని, దానిని కావలసినచోట కావలసినంత చేర్చుట మిగిలిన సగము.

యానాము నేడు ఫ్రెంచివారి పాలనలో లేదు. గౌతమి మాత్రము అట్లే ప్రవహించుచున్నది. ఎగువన ఏ చేనిలో ఏ రంధ్రము అరిగినను, వృథాయైన మందులో కొంతపాలు ఆ నీటిలో కలిసి మడ అడవుల ముంగిటికి వచ్చును. అచట వలవేయు బెస్తవానికి ఆ నాజిలు ఎవరిదో తెలియదు. ఆ నాజిలు గల రైతునకును ఈ బెస్తవాడెవరో తెలియదు. ఇరువురిని కలుపునది నది. ఏటికొకసారి, తొలకరికి ముందు, ఒక కొలతపాత్రను గడియారమును ముందుంచుకొని నాజిలును పరీక్షించు ఆచారము ఊరూర ఏర్పడిన, రైతు అప్పు తగ్గును, కూలివాని ఊపిరి నిలుచును, నదిలోని చేపపిల్ల బ్రతుకును. ఇంత మేలు ఇంత చౌకగా దొరకు పని వ్యవసాయమునందు వేరొకటి అరుదు.